కోళ్లకు వేసిన గింజలు

శనివారం మూడు గంటలకు లిడియా చేట ముందు కూర్చుందంటే ఆ ఇంట్లో రెండు చప్పుళ్లు మొదలవుతాయి. ఒకటి చేటలో బియ్యం ఎగిరిపడే చప్పుడు. అది వీధిలోకి వినిపిస్తుంది. రెండోది ఆమె పళ్ల మధ్య ఆ బియ్యమే నలిగే చప్పుడు. అది తనకొక్కదానికే వినిపిస్తుందని లిడియా నమ్మకం.

"మళ్లీ మొదలెట్టావా అమ్మాయ్?" లోపలి గదిలోంచి అత్తగారు ఏసమ్మ అడిగేది.

"లేదత్తయ్యా, రాయొచ్చింది. కొరికి చూస్తున్నాను."

"రాళ్లు కొరుకుతున్నావా? కొరుకు, కొరుకు. పళ్లు గట్టిపడతాయి."

బాపట్లలో వాళ్ల గుడికి వెళ్లే ప్రతి ఇంట్లోనూ పొయ్యి మీద ఎసరు పెట్టగానే, బియ్యం కడగబోయే ముందు పిడికెడు తీసి ఒక ముంతలో వేస్తారు. అది దేవుడి పిడికెడు. వారానికోసారి లిడియా రెండు సంచులు పట్టుకుని పద్నాలుగు ఇళ్లు తిరిగి ఆ ముంతలు ఖాళీ చేసుకొస్తుంది. శనివారం మొదలుపెట్టి వారమంతా మధ్యాహ్నాలు కొంచెం కొంచెంగా చెరిగి, ఏరి, ముందుగదిలో ఉన్న పెద్ద డబ్బాలో పోస్తుంది. ఫిబ్రవరిలో కోతపండుగనాడు పాస్టరుగారు ఆ డబ్బా ముందు ప్రార్థన చేస్తారు. కొంత ఆ రోజు విందుకు వండుతారు, మిగతాది సంపాదించే మనిషి లేని ఇళ్లకు వెళుతుంది. స్త్రీల సమాజం ఈ పని ఆమెకు అప్పగించి ఏడేళ్లయింది. లిడియా ఏరిన బియ్యంతో వండిన అన్నంలో పంటికింద రాయి తగిలిందన్నవాళ్లు ఇంతవరకు లేరు. మట్టిపెళ్ల, వడ్లగింజ, నల్లమచ్చ ఉన్న గింజ, ఏదీ ఆమె వేళ్లు దాటి పోదు. కొంతకాలంగా వాటికి మరొకటి తోడైంది. రేషను బియ్యంలో అక్కడక్కడ కొంచెం పాలిపోయి, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండే గింజలు కనబడుతున్నాయి. నీళ్లలో వేస్తే తేలుతున్నాయి. ప్లాస్టిక్ బియ్యమని వీధంతా చెప్పుకుంటున్నారు. ఫోన్లలో వీడియోలు కూడా తిరిగాయి. బీయస్సీ చదివిన లిడియా వాటిని ఒక్కటి కూడా వదలకుండా ఏరి, పెరట్లో కోళ్లకు వేస్తూ వచ్చింది.

బియ్యం నమలడం రెండేళ్ల కిందట చిటికెడుతో మొదలైంది. చిటికెడు గుప్పెడైంది. ఇప్పుడు కళ్లు మూసుకుని నమిలినా ఏ ఇంటి బియ్యమో చెప్పగలదు. సమాజం అధ్యక్షురాలు రాజారత్నమ్మగారిది రెండేళ్ల పాత బీపీటీ రకం సన్నబియ్యం. గట్టిగా ఉండి, చివర్లో కొంచెం పొగవాసన వేస్తుంది. పక్కవీధి దీవెనది రేషను బియ్యం. పంటికింద పెట్టగానే పిండైపోతుంది. హ్యాండ్‌బ్యాగులో ఒక చిన్న మాత్రల డబ్బా ఉంది, అందులో మాత్రలు లేవు. గుడిలో ప్రసంగం సాగుతున్నంతసేపూ నాలుగు గింజలు నాలుక కింద పెట్టుకుని, కొరక్కుండా నానబెట్టే ఒడుపు కూడా వచ్చేసింది.

తిన్నదానికి రెండింతలు ఇంటి బియ్యంలోంచి తీసి దేవుడి డబ్బాలో పోస్తూనే ఉంది. అయినా మనసు ఒప్పుకోలేదు. అక్టోబరు సమావేశంలో రాజారత్నమ్మగారు అందరి ముందూ, "ఆ డబ్బా లిడియా చేతిలో ఉన్నంతకాలం మనకి బెంగ లేదమ్మా" అన్నప్పుడు ఆమె తల ఎత్తలేకపోయింది. ఆ సాయంత్రమే ఒక నిర్ణయానికి వచ్చింది. కోతపండుగలోపు మానాలి. మానలేకపోతే ఎందుకో నలుగురికీ చెప్పి, డబ్బా వేరేవాళ్లకు అప్పగించేయాలి. ఆ పని ఆమెకెంత ఇష్టమో ఇంట్లో అందరికీ తెలుసు. పద్నాలుగు ఇళ్ల గుమ్మాల్లో పద్నాలుగు కబుర్లు చెప్పుకుంటూ తిరిగే శనివారం ఉదయం ఆమెకు వారం మొత్తానికీ పండుగే.

మానడానికి చేయనిది లేదు. లవంగం బుగ్గన పెట్టుకుంది. మోకరించి ప్రార్థన చేసింది. డబ్బాకు తాళం వేసి తాళంచెవి భర్త ప్రతాప్‌కి ఇచ్చింది. ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకుని, ఆ చొక్కా ఇస్త్రీకి వేసి చెవి పోగొట్టాడు. మూడోరోజు తాళం పగలగొట్టాల్సి వచ్చింది. పగిలినందుకు తనకు కలిగిన సంతోషం చూసుకుని లిడియాకే భయమేసింది.

"బియ్యం తినే పిల్ల పెళ్లికి వాన పడుద్దంటారు" అని ఏసమ్మ కొడుకు ముందు దెప్పేది. "ఈవిడ పెళ్లినాడు బాపట్లలో మోకాల్లోతు నీళ్లు. పాస్టరుగారు ప్యాంటు మడిచి కట్టుకునొచ్చి రిజిస్టరులో సంతకం పెట్టినట్టు గబగబా పెళ్లి చేసేసి వెళ్లిపోయాడు. అప్పుడే అనుకున్నా." ఇలా అంటూ పైటచెంగు ముడి విప్పి, అందులోంచి కాస్త సోంపు తీసి నోట్లో వేసుకునేది. ఆవిడకు అన్నం అరగదు, సోంపు ఉండాల్సిందే.

*

నవంబరులో తెనాలిలో మేఘన పెళ్లి. బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ లిడియావాళ్ల మేడ మీద మూడేళ్లు అద్దెకున్న పిల్ల. లిడియా ఒక్కతే రైలెక్కి వెళ్లింది. స్టేషను మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చి, పైన బల్ల మీద రెండు నిమిషాలు కూర్చుంది. ఈ మధ్య ఆ ఆయాసం మామూలైపోయింది. వయసనుకుంది. నిండా నలభై లేవు.

కల్యాణ మండపంలో ముందు నుంచి నాలుగో వరసలో చోటు దొరికింది. ఎవరో అమ్మాయి పళ్లెంతో వచ్చి అందరి చేతుల్లో అక్షింతలు పోసి వెళ్లింది. పసుపు, నెయ్యి కలిపిన బియ్యం. ముహూర్తానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. లిడియా గుప్పెట మూసుకుని కూర్చుంది. గుప్పెట్లో బియ్యం వెచ్చబడ్డాయి. నేతివాసన పైకొచ్చింది. ఒక్క గింజ, ముందుపళ్లతో. పసుపు చేదు తగిలినా బాగుంది. తర్వాత ఇంకొకటి. పెళ్లికూతురి తమ్ముడు ఉంగరం వెతుక్కుంటూ పరిగెత్తుతున్నాడు, అందరూ అటు చూసి నవ్వుతున్నారు, లిడియా కూడా నవ్వుతూ ఇంకో రెండు.

ఒక్కసారిగా గట్టిమేళం మోగింది. మండపమంతా లేచి నిలబడింది. చేతులన్నీ పైకి లేచాయి. లిడియా గుప్పెట తెరిచింది. నాలుగు గింజలున్నాయి.

పక్క కుర్చీలోంచి ఒక చెయ్యి వచ్చి, తన అక్షింతల్లో సగం ఆమె అరచేతిలో పోసింది.

"వెయ్యమ్మా, ముందు వెయ్యి. తర్వాత మాట్లాడుకుందాం."

లిడియా వేసింది. పక్కకు చూస్తే డెబ్బైకి దగ్గరపడ్డ ఆవిడ, నేతచీర, మందపాటి కళ్లద్దాలు. మేఘన మేనత్త కామేశ్వరమ్మ. ముప్పైయేళ్లు ఆడపిల్లల కాలేజీలో హోమ్‌సైన్సు చెప్పి, రిటైరై రేపల్లెలో ఉంటోంది.

"నాలుక పచ్చగా ఉంది. మాట్లాడేటప్పుడు కొంచెం చూసుకో" అంది ఆవిడ నెమ్మదిగా. అదే సమయానికి బయట షామియానా మీద వాన దబదబా కురవడం మొదలైంది.

"ఈ వాన నా వల్లేనండి" అంది లిడియా. ఏడవాలో నవ్వాలో ఆమెకే తెలియలేదు.

"అల్పపీడనమని పొద్దున్నుంచి టీవీలో చెబుతున్నారులే. నీకంత శక్తి ఉందనుకోకు. ఇలా వెలుతుర్లోకి రా."

చేతులు కడుక్కునే పంపు దగ్గరకు తీసుకెళ్లి, కామేశ్వరమ్మ బొటనవేలితో లిడియా కింది కనురెప్పను లాగి చూసింది. కాగితంలా తెల్లగా ఉంది. గోళ్లు చూసింది. నెలనెలా ఎలా ఉంటుందని, పక్కన పెద్దమనుషులు చేతులు కడుక్కుంటున్నా పట్టించుకోకుండా అడిగింది. ఈ ప్రశ్న రెండేళ్లలో ఎవరూ అడగలేదు. ఆరేడు రోజులు ఆగకుండా ఉంటుందని లిడియా గొణిగింది.

"మెట్లెక్కితే ఆయాసమా?"

"అవునండి."

"బియ్యం కొరకాలనిపించడం తిండిపోతుతనం కాదమ్మాయ్. రక్తం తక్కువైనవాళ్లలో కొందరికి ఇలాగే వస్తుంది. కొందరు బియ్యం, కొందరు మట్టి, కొందరు ఐసుముక్కలు. రేపే రక్తం చూపించుకో, డాక్టర్ని కలువు. ఆ తర్వాత మా రేపల్లె రా. వచ్చేలోపు నోటుపుస్తకంలో రాయి. ఎప్పుడు తినాలనిపించింది, దానికి ముందు ఏం తిన్నావు, ఎవరున్నారు పక్కన, మనసెలా ఉంది. తినడం మానొద్దు. రాస్తే చాలు."

"మానొద్దాండి?"

"నువ్వు నోటిని తిడుతున్నావు. అది కబురు మోసుకొచ్చింది, అంతే. కబురేంటో విను ముందు."

*

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఏడున్నర వచ్చింది. పన్నెండు ఉండాలని చెప్పి డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసింది, నెలనెలా సమస్యకు వేరే పరీక్ష కూడా రాసింది. రిపోర్టు ప్రతాప్ రెండుసార్లు చదివాడు. "తాళంచెవి పారేసినందుకు నన్ను తిట్టావు" అన్నాడు. "అసలు తాళమే తప్పన్నమాట."

పదిరోజుల తర్వాత లిడియా చెరుకుపల్లి మీదుగా బస్సులో రేపల్లె వెళ్లింది. ఉత్తచేతులతో వెళ్లడం బాగుండదని తను ఏరిన బియ్యం రెండు కిలోలు తీసుకెళ్లింది. కామేశ్వరమ్మ వరండాలో కూర్చుని ఆ బియ్యాన్ని పళ్లెంలో పోసి, వేలితో కెలికి చూసింది.

"బాగా ఏరావమ్మాయ్. చెత్తనేది లేదు."

ఆ మెచ్చుకోలుకు లిడియా కొంచెం పొంగింది. బ్యాగులోంచి కాగితం పొట్లం తీసింది.

"ఇవి కూడా చూడండి పిన్నిగారూ. రేషను బియ్యంలో వస్తున్నాయి. ప్లాస్టిక్ అంటున్నారు. నేను ఒక్కటి కూడా వదలనండి."

కామేశ్వరమ్మ పొట్లం విప్పింది. కళ్లద్దాలు సర్దుకుని చూసింది. లిడియా ముఖం చూసింది. మళ్లీ గింజలు చూసింది. అప్పుడు నవ్వు మొదలైంది. ముందు భుజాలు ఊగాయి, తర్వాత కుర్చీ ఊగింది, చివరికి కళ్లద్దాలు తీసి చెంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇవి ప్లాస్టిక్ కాదే తల్లీ. బియ్యప్పిండిలో ఐరనూ విటమిన్లూ కలిపి మళ్లీ గింజల్లా ఒత్తి రేషను బియ్యంలో కలుపుతున్నారు. రక్తం తక్కువైనవాళ్ల కోసమే. ఏరి ఏం చేస్తున్నావు వీటిని?"

"కోళ్లకు వేస్తున్నానండి."

"ఎంతకాలంగా?"

"చాలాకాలంగానండి."

"కోళ్లెలా ఉన్నాయి?"

లిడియా ఆలోచించింది. "బ్రహ్మాండంగా ఉన్నాయండి" అంది. ఆ మాట అన్నాక తనకూ నవ్వు ఆగలేదు. ఇద్దరూ నవ్వుతుంటే ఎదురింటివాళ్లు కిటికీ తెరిచి చూశారు.

"ఇవి తింటే సరిపోతుందనుకుని మాత్రలు మానేస్తావేమో, మానకు" అంది కామేశ్వరమ్మ ఊపిరి తిప్పుకుని. "నూటికొక గింజ, అంతే. ఏదీ, పుస్తకం తియ్యి."

నోటుపుస్తకం ఇద్దరూ కలిసి చదివారు. పదకొండు గంటలకు రోజూ ఉంది. ఆ వేళకు లిడియా కడుపులో ఏముందని చూస్తే, రెండు టీలు. అందరికీ టిఫిన్లు పెట్టి, గిన్నెలు తోమి, తను తినేసరికి ఆ వేళవుతుంది. మధ్యాహ్నం అన్నం తినగానే ఇంకో టీ. మూడు గంటలకు మళ్లీ ఉంది. ఆ పక్కన లిడియా గుండ్రటి అక్షరాలతో రాసుకుంది: 'ఎవరూ లేరు. అత్తయ్య పడుకున్నారు. ఇల్లు చప్పుడు లేకుండా ఉంది. ఏమీ తోచలేదు.' ఇంకోరోజు: 'ప్రతాప్ ఫోన్ ఎత్తలేదు. గుప్పెడు.'

"ఆదివారం ఏమీ లేదేం?" అడిగింది కామేశ్వరమ్మ.

లిడియా పేజీలు తిప్పి చూసింది. నిజమే. రెండు ఆదివారాలూ ఖాళీ. గురువారం సాయంత్రం కూడా.

"గురువారం పాటల ప్రాక్టీసండి. ఆదివారం గుడిలో పాడతాను." ఖాళీ పేజీని వేలితో తడిమి, "పాడుతూ నమలలేం కదండి" అంది.

"చూశావా, నేను చెప్పక్కర్లేదు." కామేశ్వరమ్మ పుస్తకం మూసి ఇచ్చింది. "పొద్దున్న తొమ్మిదిలోపు నువ్వు తినాలి, వాళ్లతోపాటే కూర్చుని. టీ అన్నానికి గంట దూరంలో ఉండాలి. మాత్ర నిమ్మరసంతో వేసుకో. తోటకూర, మునగాకు, నువ్వులుండ మా ఇంటి మాటలు. మేకలివరు మీ ఇళ్లలో వండుతారుగా? వండుకో. నేను చెప్పానని మాత్రం మా మేఘనతో అనకు. ఇక ఆ మూడు గంటల పని ఉంది చూడు, అది ఒంటరిగా చెయ్యకు. నలుగుర్ని పిలువు. లేదా పాడుకో."

*

డిసెంబరు మొదటివారంలో లిడియా చేటను వరండాలోకి మార్చింది. ఏరుతూ కీర్తనలు పాడేది. మొదట్లో రెండు చరణాలకే ఊపిరి అందేది కాదు, చెయ్యి అలవాటుగా నోటిదాకా వెళ్లేది. వెళ్లినప్పుడు వెళ్లనిచ్చింది. తిట్టుకోకుండా పుస్తకంలో రాసింది. పాట విని దీవెన తన చంటిదాన్ని చంకనేసుకుని వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. టిఫిన్ దగ్గర ప్రతాప్ పక్కన ఇంకో పళ్లెం చూసి ఏసమ్మ మొదటిరోజు, "ఏంటి, ఇవాళ సూర్యుడెటు పొడిచాడు?" అంది. నాలుగోరోజు తనే ఆ పళ్లెంలో మూడో ఇడ్లీ వేసింది. ఏరిన ఐరన్ గింజలు మళ్లీ డబ్బాలోకే వెళ్లాయి. పెరట్లో కోళ్లు కొన్నాళ్లు చేట చుట్టూ తిరిగి, ఆమె అదిలిస్తే అలిగాయి.

కోతపండుగకు రెండురోజుల ముందు శుక్రవారం మధ్యాహ్నం, స్త్రీల సమాజమంతా ఆఖరి ఏరుడుకు లిడియా వరండాకు వచ్చింది. నాలుగు చేటలు, ఎనిమిదిమంది. ఓ గంట గడిచాక లిడియా మూడో చరణం అందుకుని, ఒక్క ఊపిరిలో చివరిదాకా పాడింది. పాట ఆగాక గమనించింది. నోరు ఖాళీగా ఉంది. గంటసేపు మోచేతిదాకా పాత బియ్యంలో ఉండి కూడా దాని సంగతే గుర్తురాలేదు. పుస్తకంలో చివరి రాత ఎప్పటిదో జ్ఞాపకం చేసుకోబోయింది. మూడువారాలు దాటింది.

"ఈ డబ్బా వచ్చే ఏడూ లిడియాదే" అంది రాజారత్నమ్మ. "ఇంత శుభ్రంగా ఇంకెవరు చేస్తారు?"

లిడియా చేట కింద పెట్టింది. మానేసింది కాబట్టి ఇక చెప్పక్కర్లేదని లోపల ఎవరో అన్నారు. అయినా చెప్పేసింది. రెండేళ్ల సంగతి, మాత్రల డబ్బా, ప్రసంగంలో నానబెట్టిన గింజలు, తెనాలి పెళ్లి, ఏడున్నర, అన్నీ.

"ఇంటి బియ్యం తిరిగి పోశాను. అయినా ఇది దేవుడి బియ్యం. మీరు వేరేవాళ్లకి ఇస్తానంటే నేను ఏమీ అనుకోను."

అందరి చేతులూ చేటల్లో ఆగిపోయాయి. ముందు దీవెన గొంతు వినబడింది, చాలా చిన్నగా.

"అక్కా, నేను బలపాలు తింటాను."

"ఎన్ని?" అంది లిడియా.

"పెద్దాడికి కొన్న డబ్బా మొత్తం. వాడు బడిలో పారేశాడని కొట్టాను కూడా."

"మా అబ్బాయి ప్రకాశం కడుపులో ఉన్నప్పుడు గోడ సున్నం గీకి తిన్నానమ్మా" అంది రాజారత్నమ్మ. "మా ఆయన ఎలుకలనుకుని బోను పెట్టాడు. తొమ్మిదినెలలూ పెట్టాడు, పాపం."

ఆ నవ్వులకు ఏసమ్మ నిద్రలేచి బయటికొచ్చింది. విషయం విని నడుం మీద చేతులేసుకుంది.

"బియ్యం తినడమేంటి, సున్నం తినడమేంటి. మీకేం మాయరోగమే? మా రోజుల్లో ఎరుగుదుమా ఇవన్నీ?"

"పిన్నీసుంటే ఇవ్వండి పెద్దమ్మా, పిల్లదాని గౌను ఊడింది" అంది దీవెన.

మాటల ధోరణిలో ఏసమ్మ చెంగు ముడి విప్పింది. పిన్నీసు రాలేదు. ముడిలోంచి తెల్లగా, జలజలా, గుప్పెడు గింజలు వరండా బండల మీద పడ్డాయి. వాటిమధ్య ఎక్కడో ఒకే ఒక్క సోంపుగింజ ఉంది.

ఏసమ్మ పైకప్పు వంక చూసింది. "సోంపులో కలిసుంటాయి" అంది.

లిడియా వంగి ఒక గింజ తీసింది. రెండేళ్ల అనుభవంతో ముందుపళ్ల మధ్య పెట్టి కొరికింది. గట్టిగా ఉంది, చివర్లో పొగవాసన.

"రాజారత్నమ్మగారింటి పాత బీపీటీ" అంది. "మన డబ్బాలోదే."

అందరూ పడీపడీ నవ్వుతుంటే లిడియా ఒక్క క్షణం ఆగింది. నోట్లో ఉన్నది ఉత్త పిండి. రుచీ పచీ లేదు. ఇంకో గింజ కోసం చెయ్యి కదల్లేదు. లేచి వెళ్లి పంపు దగ్గర పుక్కిలించి ఊసి, చెయ్యి తుడుచుకుని, తిన్నగా అత్తగారి దగ్గరికొచ్చింది.

"ఇలా వెలుతుర్లోకి రండి అత్తయ్యా."

"ఎందుకే?"

"కన్ను చూడాలి."

ఏసమ్మ బింకంగా నిలబడింది, కానీ నిలబడింది. లిడియా బొటనవేలితో కింది రెప్పను మెల్లగా లాగింది. తెల్లగా ఉంది.

"సోమవారం మనిద్దరం డాక్టరమ్మ దగ్గరికెళ్తున్నాం" అంది. "దీవెనా, నువ్వూ రావాలి. రేపట్నుంచి మీరు తొమ్మిదిలోపు నాతో కూర్చుని తినాలి అత్తయ్యా. టీ మాత్రం గంట తర్వాతే."

"టీ గంట తర్వాతా? మరి బియ్యమే తిననియ్యవే" అంది ఏసమ్మ.

రాజారత్నమ్మ డబ్బా మూత పెట్టి, లిడియా వైపు జరిపింది. ఎవరో మళ్లీ పాట ఎత్తుకున్నారు. బండల మీద పడిన గింజల కోసం కోళ్లు గుమ్మందాకా పరిగెత్తుకొచ్చాయి. ఈసారి లిడియా వాటిని అదిలించలేదు.